తోటమాలియు కర్తృత్వమును

కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున తృతీయాంకము ఒక అశోకవృక్షము చేసిన ఆలస్యముతో ఆరంభమగును. విదిశానగరమున అగ్నిమిత్ర మహారాజు ప్రమదవనమందు తక్కిన చెట్లన్నియు వసంతమును గుర్తించి పూచియుండగా, బంగారువన్నె అశోకము మాత్రము మొగ్గ తొడుగక నిలిచిపోయినది. ఆ సంగతిని కనిపెట్టినది రాజు గాదు, రాణి గాదు, మధుకరిక యను ఉద్యానపాలిక. ఆమె పోయి పట్టమహిషి ధారిణీదేవికి విన్నవింప బూనును. అశోకము పూయవలెనన్న అందెలు తొడిగిన యువతి పాదతాడనము కావలెనని కవిసమయము. దేవికి కాలినొప్పి యగుటచే ఆ పని మాళవిక పాలబడును. ఐదు రాత్రులలో చెట్టు పూచెనేని కోరినది యిత్తునని దేవి మాట యిచ్చును. చెట్టు పూచును, ఆ పూతతో కథయు ఫలించును, మాళవిక రాజును చేరును. మధుకరిక ఐదవ అంకమున ఆ చెట్టు మొదట అరుగు కట్టిన వార్తతో ఒక్కమారు కనబడి, పిమ్మట ఎవరికిని జ్ఞప్తికి రాదు.

రసికులు ఈ ఘట్టమున శృంగారమును చూతురు, చూడవలసినదే. నాకు మాత్రము వేదాంతులు శతాబ్దముల పర్యంతము తర్కించిన ప్రశ్న యొకటి ఇచట మారువేషమున తిరుగుచున్నట్లు తోచును. పువ్వు పూచినపుడు పూయించిన వాడెవడు? పాదము మోపిన మాళవికయా, ఆజ్ఞ యిచ్చిన దేవియా, వనము తనదని చెప్పుకొను రాజా, ఏటేట పాదు త్రవ్వి, ఎరువు వేసి, నీరు పెట్టి, ఎండుకొమ్మలు కోసి, కడకు ఆ యేడు పూత వెనుకపట్టినదని అందరికంటె ముందుగా గుర్తించిన మధుకరికయా, లేక ఎవరి ప్రమేయమును లేక తన వేళకు తాను పూచిన అశోకమా? సభలో రాజునకు మెప్పు దక్కును, కావ్యములో నాయికకు దక్కును, తోటమాలికి మాత్రము ఎచటను దక్కదు. అయినను న్యాయము మాలి పక్షముననే యున్నదని తొందరపడి తీర్పు చెప్పుటకును వీలులేదు, ఏలయన మధుకరిక చేసినదంతయు చేసిన పిమ్మటను చెట్టు పూయక నిలిచినది గదా.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున భగవానుడు కర్మసిద్ధికి ఐదు కారణములను చెప్పి, అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధములైన చేష్టలు అను నాల్గింటి పిమ్మట దైవమును ఐదవదానిగా నిలిపెను. అధిష్ఠానమనగా శరీరమనియే భాష్యకారులు వ్యాఖ్యానించిరి. తోటకు అన్వయించునపుడు దానిని నేల యని గ్రహించుట నేను తీసికొనుచున్న స్వేచ్ఛ. ఈ ఐదుగురిలో కర్త రెండవ స్థానమున నిలిచిన ఒక్కడు మాత్రమే యగుట గమనింపదగినది. అతడు లేడని గీత చెప్పలేదు; అతడే సర్వమును అనుకొనువాని చూపు చూపు గాదని మాత్రము మరుశ్లోకములలో గట్టిగా చెప్పినది.

బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము మూడవ పాదమున ఈ జీవకర్తృత్వ విచారమే శాస్త్రీయముగా జరిగినది. జీవుడు కర్తయే, కాకున్నచో చేయుమనియు మానుమనియు చెప్పు శాస్త్రము వ్యర్థమగునని ముందు స్థాపించి, సూత్రకారుడు వడ్రంగిని దృష్టాంతముగా తెచ్చెను. వడ్రంగి ఉలియు బాడిసెయు చేతబట్టినపుడు కర్తయై శ్రమించును, ఇల్లు చేరి పనిముట్లు దించినపుడు స్వస్థుడై యుండును, అట్లే ఆత్మకు కర్తృత్వము ఉపాధివలన వచ్చినదే గాని స్వభావము గాదని శంకరులు. పనిముట్లు చేరువనుండగనే వడ్రంగి తన యిచ్ఛ కొలది చేయుటయు మానుటయు కలదు, కావున చేతనుడైన జీవుడు నిజముగనే కర్తయని రామానుజులు. ఆ పై సూత్రము ఆ కర్తృత్వమైనను పరమాత్మ నుండియే వచ్చుచున్నదని చెప్పును. ఇరువురు ఆచార్యుల వాదమునందును పొరపాటు పట్టు సాహసము నాకు లేదు. కాని దృష్టాంతము విషయమున ఒక చిన్న అసంతృప్తి యున్నది. వడ్రంగి చేతిలోనిది ప్రాణము పోయిన కొయ్య; అతడు రాత్రి నిద్రించునపుడు పీట తనంత తాను కాళ్ళు మొలిపించుకొనదు. తోటమాలి నిద్రించునపుడే మొక్క పెరుగును. చేతిక్రింది వస్తువునకును ఒక సంకల్పము వంటిది ఉన్నచోట కర్త యెవడను ప్రశ్న మరియు చిక్కుపడును, ఆ చిక్కే మన నిత్యజీవితమునకు దగ్గర. బిడ్డను పెంచువానికి, శిష్యునకు చదువు చెప్పువానికి, రాజ్యమేలువానికి వడ్రంగి పోలిక చాలదు.

అందుచేత రాజుల కొలువున తోటలు పెంచిన యొకని జీవితమును ఈ ప్రశ్నకు ఎదురుగా నిలిపి చూచెదను. గుస్టావ్ హెర్మన్ క్రుంబీగల్ 1865లో జర్మనీ దేశపు సాక్సనీ సీమలో డ్రెస్డెన్ నగర సమీపమునగల లోమెన్ గ్రామమున పుట్టి, పిల్నిట్జ్ లో తోటపని నేర్చి, 1888లో ఇంగ్లండునకు పోయి లండను హైడ్ పార్కున పూలమళ్ళు తీర్చి, క్యూ ఉద్యానమున వృక్షశాస్త్రమును ఒంటబట్టించుకొని, 1893లో మూడవ శాయాజీరావు గైక్వాడు కొలువున బరోడాకు వచ్చెను. 1908లో మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఆహ్వానింపగా బెంగుళూరు చేరి లాల్ బాగు బాధ్యత వహించెను. ఆ తోట అతనిది గాదు. 1760లో హైదరాలీ వేయించినది, టిప్పు పెంచినది, ఇంగ్లీషువారి చేతులు మారినది, అతనికి ముందు జాన్ కామెరన్ కాలమున 1889లో శంకుస్థాపన జరిగిన గాజుశాల అప్పటికే అందు మెరయుచున్నది. ఉద్యానపాలుడెవడును శూన్యమున పని ప్రారంభింపడు. ముందటివాడు నాటిన చెట్టు నీడలో నిలిచి తాను నాటబోవు చెట్టునకు చోటు వెదకుటయే అతని మొదటి పని. 1932లో పదవి విడిచిన పిమ్మటను క్రుంబీగల్ స్వదేశమునకు మరలక, 1956లో బెంగుళూరుననే కన్నుమూసెను.

అతని పనులలో నన్ను మిక్కిలి ఆకర్షించినది ఆ నగరపు వీథులకు అతడు కల్పించిన పూల వరుస. ఏడాది పొడవునను ఏదో యొక వీథిలో ఏదో యొక చెట్టు పూచియుండునట్లు, ఒక జాతి రాలుచుండగా మరియొక జాతి అందుకొనునట్లు చెట్లను ఎంచి నాటించుట అతని పద్ధతి. మాఘఫాల్గుణములలో ఆకు రాల్చిన టాబెబుయాలు కొమ్మ కొమ్మకు పూలు తప్ప మరేమియు లేక నిలుచును. వాని వెంట జకరండాలు ఊదావన్నె పరచును. ఎండలు ముదిరిన కొలది గుల్ మొహరులు, పచ్చతురాయిలు, మన రేలలు వంతు తీసికొనును. ఈ వరుసను చూచినవాడు, ఇంతటి పూతకు ఒక్క మనుజుడు కర్త యని ఆశ్చర్యపడును. ఆశ్చర్యము తగినదే, కాని దానికి కారణము వేరు. క్రుంబీగల్ ఏ చెట్టును పూయుమనలేదు. ఏ చెట్టు ఎప్పుడు తనంత పూయునో ముందు తెలిసికొని, ఆ స్వభావములను ఒకదాని ప్రక్క నొకటి కూర్చినాడు. ఆతని ప్రతిభ యంతయు అన్యుల స్వభావమునకు విధేయుడగుటయందే యున్నది.

రాజాజ్ఞకును తోటమాలి విద్యకును గల భేదమిచ్చటనే తెలియును. దసరా నాటికి రాచబాట పూర్తి కావలెనని మైసూరు మహారాజు ఆజ్ఞాపించినచో కూలీలను రెట్టించి పూర్తి చేయవచ్చును. దసరా నాటికి జకరండా పూయవలెనని ఆజ్ఞాపించినచో, ఆ యాజ్ఞ ఎంతటి మహారాజుదైనను, చెట్టు ఫాల్గుణము దాక వేచియే యుండును. తోటమాలి అట్టి యాజ్ఞకు బదులు చెప్పడు, నవ్వడు. పండుగకు సుమారు రెండు నెలల ముందుగా బంతినారు పోసి, నారు ముదిరిన పిదప తీసి నాటి, మొదటి మొగ్గలను గిల్లివేసి కొమ్మలు చీలునట్లు చేసి, దసరా దినమునకు మడులు నిండుగా పూచియుండునట్లు చూచును. రాజు తన మాట చెల్లినదని సంతోషించును. నిజమునకు అచట చెల్లినది బంతిమొక్క మాట. దానిని ముందుగా విని, దినములను వెనుకకు లెక్కించుకొన్నవాడు మాలి.

ప్రపంచయుద్ధము వచ్చినపుడు క్రుంబీగల్ జర్మనీయుడగుటచే శత్రుదేశీయుడని నిర్బంధింపబడెను. అతడు నాటిన చెట్లలో గుల్ మొహరు మడగాస్కరు దీవిది, జకరండాయు టాబెబుయాయు అమెరికా ఖండమువి, నిద్రగన్నేరు అచటిదే. వానినెవ్వరును పుట్టినచోటు అడుగలేదు. ఈ వైపరీత్యమును చూచి కంట తడిపెట్టుకొనుట సులభము. కాని పరదేశపు చెట్లు మన కానుగల, వేపల చోటును ఆక్రమించినవని ఈనాడు కొందరు చెప్పు ఫిర్యాదును గూడ పెడచెవిని పెట్టరాదు. అందము కొరకు ఎంచిన చెట్టు పిట్టకును తేనెటీగకును ఆదరువు కాకపోవచ్చును. పూతకు మెప్పులో భాగము గలవానికి ఈ నిందలోను భాగము కలదు. ఐదు కారణముల లెక్క కర్తను పొగడుటకు గాని విడిచిపెట్టుటకు గాని చెప్పినది గాదు.

మన ప్రాచీనులు తోటపనిని ఎట్లు తలచిరో తెలియుటకు వరాహమిహిరుని బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయము చాలును. ఆరవ శతాబ్దికి చెందిన ఆ జ్యోతిశ్శాస్త్రవేత్త మొక్కను ఒకచోటి నుండి తీసి మరియొకచోట నాటు విధమును చెప్పుచు, నెయ్యి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగములు, పాలు, ఆవుపేడ కలిపి మొదలు నుండి బోదె వరకు పూయవలెననును. నాటువాడు శుచియై, ఆ చెట్టును పూజించి, అప్పుడు నాటవలెననును. అట్లు నాటినచో ఉన్న ఆకులతోనే నిలుచుననును. ఆ వెంటనే స్వరము మారి, చెట్టునకును చెట్టునకును ఇరువది హస్తముల యెడ ఉత్తమము, పదునారు మధ్యమము, పండ్రెండు అధమమని కొలతలు చెప్పి, దగ్గర దగ్గరగా పెరిగి కొమ్మలు తాకుచు వేళ్ళు పెనవేసికొన్న చెట్లు సరిగా ఫలింపవని కారణము చూపును. పూజయు కొలబద్దయు ఒకే చేతిలో నుండుట మన కాలపువారికి వింతగా నుండును. ఒకరు పూజను కోసివేసి కొలతను గైకొందురు, మరియొకరు కొలతను మరచి పూజను పట్టుకొందురు. నేను ఆ రెంటిని కలిపియే చదువుదును. తాను కొనితెచ్చిన మొక్కకు తానే మ్రొక్కువాడు, ఇక మీద జరుగవలసినది తన చేతిలో లేదని ఒప్పుకొనుచున్నాడు. ఇరువది హస్తములు కొలుచువాడు, తన చేతిలోనున్న దానిని దైవము మీదికి నెట్టనని చెప్పుచున్నాడు. ఇరువురును ఒక్కడే.

ఈ సంగతి అంటు కట్టుటలో కంటికి కనబడును. మామిడి టెంక మొలిచిన నాటుమొక్క కాండమును ఒక ప్రక్క వాడియగు కత్తితో నునుపుగా చెక్కి, మంచి జాతి చెట్టు కొమ్మను ఆ మందమునకు సరిపడునట్లు చెక్కి, పచ్చి తడి ఆరకముందే రెంటి బెరడులను అంచునకు అంచు కూడునట్లు ఆనించి, నారతో బిగించి కట్టుదురు. కోత వంకరయైనచో అంటు పట్టదు, కట్టు వదులైనచో పట్టదు, మిక్కిలి బిగిసినచో నొక్కుకొనిపోవును. కర్త చేయవలసిన పని యెంతయో, ఎంత సున్నితమైనదో, దానిని చేసినవారికే తెలియును. కాని కట్టిన పిమ్మట నారచాటున లోపల జరుగునది మాలికి కనబడదు, అతని చేతికందదు. అతడు కట్టగలడు, అతికింపలేడు. అతుకుకొనుట ఆ రెండు మొక్కల పని. కొన్ని వారములకు కొనయందు ఎర్రని చిగురు మిడిసినపుడు మాలి నా అంటు పట్టినది అనును. నేను పట్టించితినని అనడు. వ్యాకరణము తెలియని నోట కర్తృవాచకము ఎంత సరిగా నిలిచినదో చూడుడు. ఇక పండు వచ్చిన పిదప దానికి పేరు పెట్టువారు వేరు. మన తెలుగునేల మామిళ్ళలో జహంగీరు కలదు, హిమాయత్తు కలదు. వాని కొమ్మను మొదట కోసి కట్టిన మాలి పేరుగల పండును నేనెరుగను.

రాజు కొలువు విడిచి దేవుని కొలువునకు వచ్చినచో ఈ చిక్కు తీరునని భక్తులు తలంతురు. కృష్ణదేవరాయలు సామ్రాజ్యమేలుచు ఆముక్తమాల్యదను రచించినపుడు, తోట పెంచి మాలలు కట్టు విష్ణుచిత్తుని పాండ్యరాజు సభకు పంపి, అచట గెలిపించి, మరల విల్లిపుత్తూరి తోటకే చేర్చెను. రాజసభ కంటె ఆ తులసివనము పెద్దదని రాజే చెప్పుట విశేషము. కాని దేవుని తోటలోను కర్తృత్వాభిమానము మొలకెత్తుననుటకు తిరుమల కథయే సాక్ష్యము. వేంకటాచలమున చలికి ఓర్చి స్వామికి పుష్పకైంకర్యము చేయువారెవరని రామానుజులు అడుగగా లేచి నిలిచిన శిష్యుడు అనంతాళ్వారు. కొండ మీద పూదోట వేసి, దానికి నీటికై చెరువు త్రవ్వ పూని, తాను గునపముతో త్రవ్వుచుండగా నిండుచూలాలైన భార్య గంపతో మన్ను మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి తానును సాయపడుదుననెను. ఆళ్వారు ఒప్పలేదు, గురువు తనకు అప్పగించిన సేవలో పరులకు పాలులేదనెను. బాలుడు చాటున ఆ యిల్లాలి తలమీది గంప నందుకొని మోయుచుండ, అది తెలిసి కోపించి ఆళ్వారు గునపము విసరెను, అది బాలుని గడ్డమునకు తగిలెను. బాలుడు గుడిలోనికి పరుగిడి మాయమయ్యెను. స్వామి చుబుకమున రక్తము కనబడెను. అది ఆగుటకు పచ్చకర్పూరము అద్దిరి. ఆ గునపము మహాద్వారము కడ నేటికిని వ్రేలాడుచున్నది, స్వామి గడ్డమున కర్పూరము నేటికిని పెట్టుచున్నారు.

ఈ కథను వాత్సల్యకథగా చెప్పుకొందుము గాని, ఇందు ఒక తీవ్రమైన విమర్శ గలదు. ఆళ్వారు త్రవ్వుటలో దోషము లేదు. అంత చలిలో అంత శ్రమకు పూనినవానిని తప్పు పట్టగలవాడెవడు? దోషము లెక్క వ్రాయుటలో నున్నది. మన్ను పంచుకొనుటకు కాదు, పుణ్యము పంచుకొనుటకు అతనికి మనసొప్పలేదు. ఐదవ కారణమని గీత చెప్పిన దైవము పిల్లవాడై వచ్చి, పేరును కూలియు కోరక, మన్నుగంప నెత్తికెత్తుకొనగా, రెండవ కారణమైన కర్త దానిని గునపముతో కొట్టెను. అయినను సంప్రదాయము ఆళ్వారును వెలివేయలేదు. అతని పేరిటి తోట తిరుమలలో నేటికిని కలదు, అతడు విసరిన పనిముట్టునే గుడివాకిట గౌరవముతో నిలిపినది. సాయము వలదన్నందుకు దెబ్బతిన్న సహాయకుడు అలుగలేదు. శ్రీవైష్ణవుల తెంగలై వడగలై వాదములను దాటి ఈ కథలో నాకు వినబడునది ఇది: జీవుడు పొరపాటున సర్వకర్తనని తలచినను, భగవానుడు పనిని ఆపడు.

ఇట్లు చెప్పగానే సోమరివేదాంతి యొకడు లేచి, అంతయు దైవమే చేయునని మీరే చెప్పితిరి గదా, మరి నేను నీరేల పోయవలెనని అడుగును. వానితో శాస్త్రము మాటాడ పనిలేదు. వాని తోటను వైశాఖమున పోయి చూచుట చాలును. శాస్త్రము అర్థవంతము కావలెనన్న జీవుడు కర్త కావలెనని సూత్రకారుడు మొదటనే చెప్పియున్నాడు. దైవము ఐదవది, ఒక్కటే గాదు. వాన కురిసినపుడు పాదులేని చోట నీరు నిలువక జారిపోవును. పాదు త్రవ్వియున్నను వాన రాకున్నచో అది ఎండిన గుంట. ఈ రెండు వాక్యములలో ఒకదానిని మాత్రమే గట్టిగా పట్టుకొన్న మతములు లోకమున చాలగలవు.

ఇక మిగిలినది ఎండిపోయిన మొక్క సంగతి. పూసిన పూవు విషయమున కర్తృత్వమును ఐదుగురికి పంచుట సుఖముగా నుండును. చచ్చిన మొక్క విషయమున రాజు తోటమాలినొక్కనినే పిలిపించి అడుగును. ఇది అన్యాయమని తోచవచ్చును. గీత మాత్రము న్యాయమైన కర్మకును విపరీతమైన దానికిని ఆ ఐదే కారణములని స్పష్టముగా చెప్పినది. కావున మాలి నిలిచి, ఐదింట ఒక పాలే నాదని వాదింపవచ్చును, ఆ వాదము సరియైనదియే. మంచి మాలి ఆ వాదమునకు దిగక, మొక్కను వేళ్ళతో పెకలించి మన్ను దులిపి చూచును. వేరు నల్లబడి మెత్తబడినచో నీరు నిలిచినదని, అది తన తప్పని తెలియును. వేరు తెల్లగనే యుండి బెరడు క్రింద మట్టి పేరుకొన్నచో చెద పట్టినదని తెలియును. నేల అడుగున రాతిపలక తగిలి వేరు దిగక చుట్టుకొన్నచో, తాను త్రవ్వినదానికంటె మరి మూరెడు లోతు త్రవ్వియుండవలసినదని తెలియును. ఏ గుర్తును కనబడనపుడు మాత్రమే అతడు నాలుగింటిని విడిచి ఐదవదాని పేరు చెప్పును. అదియు రాజు మరల అడిగినప్పుడే.